అయిపోయిందని చెప్పే వంటిల్లు

పాతబస్తీలో ఏ పేరున్న హోటల్‌కైనా మిట్టమధ్యాహ్నం వెళ్ళి నహారీ అడిగితే, 'ఖతం హోగయా సాబ్' అన్న జవాబు వినాల్సి రావచ్చు. చెప్పే మనిషి గొంతులో నొచ్చుకోలూ ఉండదు, విసుగూ ఉండదు. రాత్రి పొయ్యెక్కింది పొద్దున అమ్ముడైపోయింది, మళ్ళీ రేపు తెల్లవారుజామునే. వేళకాని వేళ ఫోన్ నొక్కినా కోరింది గడపలోకి వచ్చిపడే కాలంలో, లేనిదాన్ని లేదనగల వంటిల్లు ఊళ్ళో ఇంకా మిగిలి ఉండటం విశేషమే.

ఆ 'లేదు' వెనక ఓ రాత్రంతా పని ఉంటుంది. హైదరాబాదీ నహారీకి మేక కాళ్ళు, నాలుక పెద్ద దేగులో సన్నసెగ మీద గంటల తరబడి ఉడకాలి. వట్టివేరు, ఎండు గులాబీ రేకులు, రాతిపువ్వు లాంటివి పల్చటి గుడ్డలో మూటగట్టి వేసిన పోట్లీ మసాలా మెల్లగా తన వాసనను పులుసులోకి వదలాలి. ఎముక సారం దిగి, పులుసు వేళ్ళకు జిగురుగా అంటుకోవాలి. జనం ఎక్కువొచ్చారని మధ్యాహ్నానికి ఇంకో దేగు దించటం ఎవరి తరమూ కాదు. నీళ్ళు కలిపి పెంచుదామంటే పాత గిరాకీ మొదటి ముద్దకే పట్టేస్తుంది.

నహారీకి జోడీ చార్ కోనీ నాన్. నాలుగు మూలలుండే ఆ నాన్‌కు పురానీ హవేలీ దగ్గరి మున్షీ నాన్ పెట్టింది పేరు. నాలుగో నిజాం నాసిరుద్దౌలా ఏలుబడిలో, 1851లో, మున్షీ కొలువు చేసిన మహమ్మద్ హుస్సేన్ ఆ దుకాణం తెరిచారు. నిజాముల రాజ్యం పోయింది, మున్షీల కొలువులూ పోయాయి. నాన్ మాత్రం మట్టి భట్టీ గోడకు అంటుకుని కాలుతూ తరాలు దాటింది.

ఒక్క వంటకాన్ని నమ్ముకుని తరాలు గడిపే దుకాణాలకు జపాన్ మరో పుట్టినిల్లు. అక్కడి సోబా నూడుల్స్‌ను మన ఉత్తరాదివారు ఉపవాసాలకు వాడే కుట్టు పిండితోనే చేస్తారు. ఆ పిండిలో సాగే గుణం లేదు. అందుకే ఎనిమిది పాళ్ళ కుట్టుకు రెండు పాళ్ళ గోధుమ పిండి కలపటం వాళ్ళ పాత లెక్క. నీళ్ళు ఓ చుక్క ఎక్కువైనా, చెయ్యి కాస్త తడబడినా పోగు తెగిపోతుంది. మధ్యాహ్నం భోజనానికి వెళితే, ఉడికించి చన్నీళ్ళలో కడిగిన సోబాను వెదురు తట్టలో పెట్టి, పక్కనే చిన్న గిన్నెలో పులుసు పోసి ఇస్తారు. పోగులు అందులో ముంచి, చప్పుడు చేస్తూ జుర్రుకుంటారు. అలా జుర్రటం అక్కడ మర్యాదకేమీ లోటు కాదు. చివర్లో నూడుల్స్ ఉడికించిన వేడినీళ్ళు తెచ్చి పెడితే, మిగిలిన పులుసులో కలుపుకుని తాగేసి లేస్తారు. చేత్తో చేసే దుకాణాల్లో ఆ రోజు పిండి అయిపోతే తలుపు మూసేస్తారు. క్యోటోలో 1465లో మిఠాయి కొట్టుగా మొదలైన ఒక సంస్థ, తర్వాత సోబాకు మళ్ళి, ఇప్పటికీ వడ్డిస్తోంది. డిసెంబరు 31 రాత్రి సోబా తిని పాత ఏడాదిని సాగనంపటం జపాన్ ఇళ్ళలో ఆనవాయితీ, రంజాన్ నెలలో హలీం రుచి చూడటం హైదరాబాదీలకు ఎలాగో అలాగ.

ఇదంతా పరాయి సంగతి అనుకోనక్కర్లేదు. ఓరుగల్లులో ఒక్క రూకకు కమ్మటి భోజనం పెట్టిన పూటకూటి ఇంటిని 'క్రీడాభిరామం' మనకు చూపించింది. గురజాడ 'కన్యాశుల్కం'లో పూటకూళ్ళమ్మకు విడిగా ఓ పాత్రే ఉంది. వండింది వడ్డించటం, అయిపోతే గిన్నెలు బోర్లించటం మనవాళ్ళకూ తెలిసిన పద్ధతే. వంద పేర్ల మెనూ కార్డులు నిన్నమొన్న వచ్చినవి. వందా ఎప్పుడూ సిద్ధంగా ఉండాలంటే నిల్వ ముద్దలూ, ఫ్రీజర్లూ తప్పవు. తక్కువ రకాలు వండేచోట వండేవాడి చెయ్యి కుదురుతుంది, సరుకు తాజాగా ఉంటుంది, పారబోత తగ్గుతుంది. పరిమితిని ఒప్పుకోవటంలోనే ఆ రుచి గుట్టు ఉంది.

అలాగని ఈ వంటిళ్ళను తలకెత్తుకుని మోయాల్సిన పనీ లేదు. మే నెల ఎండలో భట్టీ ముందు నిలబడటం ఎంత కష్టమో నిలబడేవాడికే తెలుసు. జీతాలు అంతంత మాత్రం, సెలవులు అంతకన్నా తక్కువ. ఉస్తాద్ కొడుకు ఉస్తాద్ కావాలని ఆశించే హక్కు తినేవాళ్ళకు లేదు. అతను ఇష్టపడి ఆ పనిలో నిలవాలంటే ఆదాయం, గౌరవం, నిలబడేందుకో చోటు ఉండాలి. మొదటి రెండూ గిరాకీ చేతుల్లో ఉన్నాయి. మూడోది ఇప్పుడు సర్కారు చేతుల్లోకి వెళ్ళింది.

మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్ల మెట్రో మార్గం దారుల్‌షిఫా, పురానీ హవేలీ, షాలిబండ మీదుగా సాగాలి. అందుకోసం 2025 జనవరి నుంచి ఆ దారి పొడవునా కట్టడాల తొలగింపు మొదలైంది. మెట్రో వద్దనేవారు పాతబస్తీలో తక్కువే. మిగతా నగరమంతా ఏళ్ళ తరబడి రైలెక్కుతుంటే వాళ్ళు ఆటోల్లో ఇరుక్కుని చూస్తూ ఉండిపోయారు. పరిహారం కూడా చదరపు గజానికి 81,000 రూపాయల చొప్పున ప్రకటించారు. చారిత్రక, ప్రార్థనా కట్టడాలకు నష్టం రానివ్వమని అధికారులు చెబుతున్నారు. మంచిదే. కానీ గజాల లెక్కకు గోడలు అందుతాయి, వంట అందదు. ఆ వీధి నీళ్ళకూ, ఆ భట్టీ సెగకూ అలవాటుపడ్డ చెయ్యి, తెల్లారగానే అటే నడిచే గిరాకీ, పక్క వీధి నుంచి వచ్చే సరుకు, ఇవన్నీ కలిస్తేనే అది దుకాణం. పరిహారం పుచ్చుకుని పది కిలోమీటర్ల అవతల బోర్డు కడితే పేరు మిగులుతుందేమో గానీ పాత గిరాకీ అక్కడికి రాదు.

భవనం పోయినంత మాత్రాన వంట పోనక్కర్లేదనటానికీ జపాన్‌లోనే సాక్ష్యం ఉంది. టోక్యోలోని కాందా యాబు సోబా 1880 నాటిది. 2013 ఫిబ్రవరిలో దాని పాత చెక్క భవనం మంటల్లో చిక్కింది. 2014 అక్టోబరులో అదే చోట కొత్త భవనంలో మళ్ళీ వడ్డన మొదలైంది. దూలాలు కొత్తవైనా వీధి అదే, చేతులు అవే, గిరాకీ అదే. అందుకే అది ఇవాళ్టికీ పాత దుకాణమే.

హలీం 2010లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది. 2019లో యునెస్కో హైదరాబాద్‌ను పాకశాస్త్రంలో సృజనాత్మక నగరంగా గుర్తించింది. ఆ గౌరవం తాజ్ ఫలక్‌నుమా భోజనశాల ఒక్కదాని పుణ్యం కాదు, దేగుల పక్కన రాత్రుళ్ళు మేల్కొన్న పేరు తెలియని ఉస్తాద్‌లదీ. ఆ బిరుదును సభల్లో చెప్పుకునే ప్రభుత్వం చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. రోడ్డు వెడల్పులో భట్టీలు, దేగులు పోగొట్టుకునే పాత దుకాణాలను, కిరాయికి ఉన్నవాటితో సహా, ఇప్పుడే లెక్క రాయాలి. మెట్రో స్టేషన్ల పక్కన వచ్చే దుకాణాల్లో తొలి హక్కు వారికి, భరించగల అద్దెకు, అదే వీధిలో ఇవ్వాలి. తరాల పొయ్యి ఒకసారి ఆరితే ఏ పరిహారమూ దాన్ని మళ్ళీ వెలిగించలేదు.