ఎవరికి ముఖ్యం?

‘ఇవి ఇంపార్టెంట్ కొశ్చన్లు’ అంటాడు పదో తరగతి పిల్లవాడు. ‘వాళ్లు వీఐపీలు నాయనా, ముందు పోతారు’ అంటాడు తిరుమల క్యూలో నిలబడ్డ పెద్దాయన. వీఐపీలో మధ్య అక్షరం కూడా ఆ ఇంపార్టెంటే. మాట ఒకటే గానీ అర్థం ఒకటి కాదు.

ఆ మాటకు మూలం లాటిన్‌లో ఉంది. లోపలికి తీసుకురావడం అని అర్థం. దిగుమతిని ఇంపోర్ట్ అనేది కూడా అందుకే. ఫలానా ప్రశ్న ఇంపార్టెంట్ అంటే దాని వెంట మార్కులు వస్తాయని. అదే మాట మనిషి పక్కన చేరిందంటే హోదా, పలుకుబడి అయిపోతుంది.

మనకు ఈ రెంటికీ వేరే మాటలున్నాయి: ముఖ్యం, ప్రముఖుడు. రెండింటిలోనూ ఉన్నది ముఖమే, అంటే ముందుండేది. కానీ ‘ముఖ్యం’ అనగానే ‘ఎవరికి?’ అని అడగొచ్చు. నాకు ముఖ్యం, మా ఇంటికి ముఖ్యం అంటాం. ‘నాకు ప్రముఖుడు’ అని ఎవరూ అనరు. మనకు ఏమీ కాకపోయినా ప్రముఖుడు ప్రముఖుడే. అందుకే వీఐపీని ‘అతి ముఖ్యమైన వ్యక్తి’ అని తెలుగు చేస్తే నాకు నచ్చదు. ఆ మాట ఎవరి అమ్మకు వాళ్లు వాడుకోవాలి. పత్రికలు ‘ప్రముఖులు’ అని రాస్తున్నాయి, అదే సరి.

బిడ్డ పుట్టువెంట్రుకలు తీయించడానికి కొండెక్కి, సర్వదర్శనం కంపార్టుమెంటులో గంటల తరబడి కూర్చున్న తల్లిని చూడండి. ఆమె ప్రముఖురాలు కాదు. ఆ దర్శనం మాత్రం ఆమెకు ఎంత ముఖ్యమో చెప్పనక్కర్లేదు. పేరులోనే ‘సర్వ’ ఉన్న ఆ వరుసలో ఎవరి హోదా ఎంతని అడగరు. పక్కనున్న వీఐపీ బ్రేక్‌లో ఒకప్పుడు ఎల్1, ఎల్2, ఎల్3 అని మళ్లీ మూడు మెట్లుండేవి. 2019 జులైలో వాటిని తీసేశారు. ‘వెరీ’ ఒకటి చాలక వీవీఐపీ అనడం మాత్రం పోలేదు.

నవ్వుకునే ముందు మన సంగతీ చూసుకోవాలి. ‘ప్రముఖ’ నుంచి వచ్చింది ప్రాముఖ్యం. భావం అందులోనే ఉంది. దానికి ఇంకో ‘త’ తగిలించి ‘ప్రాముఖ్యత’ అంటున్నాం. ‘ప్రాధాన్యత’ కూడా ఆ బాపతే. ఈ శీర్షికలో నేనే ఎన్నిసార్లు రాశానో! పాత కాగితాలు తీసి చూడాలంటే జంకుగా ఉంది.