సొంతంగా కారు కట్టొచ్చు, రోడ్డెక్కించడమే కుదరదు!

పీసీ కావాలంటే ప్రాసెసర్, బోర్డు, క్యాబినెట్ విడివిడిగా తెప్పించుకుని ఇంట్లోనే బిల్డ్ చేసుకుంటాం. ఫోన్ బూట్‌లోడర్ అన్‌లాక్ చేసి నచ్చిన కస్టమ్ రామ్ ఫ్లాష్ చేస్తాం. మహా అయితే వారంటీ పోతుంది. ఇదే పని కారుతో చేస్తే ఏమవుతుందో మాకు ఈమధ్యే తెలిసింది.

మాది కోనసీమ. రాజోలు దగ్గర నా బీటెక్ ఫ్రెండ్ ఒకడు వాళ్ల కొబ్బరి తోట షెడ్డులో ఏడాదిన్నర కష్టపడి ఒక టూ సీటర్ ఎలక్ట్రిక్ బగ్గీ కట్టాడు. ఫ్రేమ్ వాడే వెల్డ్ చేశాడు. స్టీరింగ్, ముందు సస్పెన్షన్ పాత మారుతి 800వి. మోటారు, వెనక యాక్సిల్ ఈ-రిక్షావి. బ్యాటరీ ప్యాక్ కోడ్ మాత్రం నాది, సెల్ వేడెక్కితే పవర్ కట్ చేస్తుంది. తోటలో దింపు తీసిన కాయలు కూడా మోసింది. వాళ్ల నాన్నగారు చుట్టూ తిరిగి చూసి ఒక్కటే అడిగారు: "బాగానే ఉంది గానీ బాబూ, కాయితాలేవి?"

ఆ కాయితాల కోసం ఒక ఆర్టీవో ఆఫీసుకు వెళ్లాం. అక్కడి సార్ ఫోటోలు చూసి నవ్వలేదు, కసురుకోలేదు. "ఫారం 22 ఉందా?" అన్నారు. అది తయారీదారు ఇచ్చే సర్టిఫికెట్. తయారీదారు వీడే కదా సార్ అంటే, "మరి ప్రోటోటైప్‌ని ఏ ఏజెన్సీ పాస్ చేసింది?" అన్నారు. మా దగ్గర సమాధానం లేదు.

విషయం ఏంటంటే, 1989 నాటి సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లో 126వ రూల్ ప్రకారం, తయారీదారు తన బండి ప్రోటోటైప్‌ని పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి ఏజెన్సీల్లో టెస్ట్ చేయించాలి. మోడల్ ఒకసారి పాసైతే చాలు, ఆ మోడల్ బండ్లన్నీ రిజిస్టర్ అవుతాయి. లక్ష బండ్లు అమ్మే కంపెనీకి ఆ ఖర్చు ఒక లెక్కలోకి రాదు. మాది ఒక్క బండి. పైగా కారు కేటగిరీకి క్రాష్ టెస్ట్ కూడా ఉంది. ఉన్న ఒక్క కారునీ గుద్దించి పాస్ చేయించుకుంటే ఇంటికి తెచ్చుకునేది ఏంటి?

"పాత మారుతి ఆర్సీ వాడేయండ్రా" అని సలహా ఇచ్చినవాళ్లు చాలామందే. అది ఇంకా ప్రమాదం. కంపెనీ ఇచ్చిన ఒరిజినల్ స్పెసిఫికేషన్లు మారేలా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చేసింది. అదే ఏడాది చట్ట సవరణతో ఒక్కో మార్పుకి 5,000 రూపాయల ఫైన్, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ. సైకిల్‌కి హబ్ మోటార్ పెట్టుకునేవాళ్లు కూడా గమనించండి: 250 వాట్లు, 25 కిలోమీటర్ల స్పీడ్ లోపు ఉంటే మోటార్ వెహికల్ కాదన్న మినహాయింపు కూడా టెస్టింగ్ ఏజెన్సీ చూసి ఓకే అన్నాకే.

మహారాష్ట్ర సాంగ్లీ జిల్లా దత్తాత్రేయ లోహార్ గుర్తున్నారా? తుక్కు సామానుతో కిక్ కొడితే స్టార్ట్ అయ్యే నాలుగు చక్రాల బండి చేశారు. 2021 డిసెంబర్‌లో ఆనంద్ మహీంద్రా ట్వీట్ చేశారు, రూల్స్‌కి విరుద్ధం కాబట్టి అధికారులు ఎప్పటికైనా ఆపేస్తారని కూడా అందులోనే అన్నారు. తర్వాత నెల బొలెరో ఇచ్చి ఆ బండి తీసుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం బాధేసింది, ఎందుకంటే ఆయన కట్టిన బండికి రోడ్డు దొరకలేదు. హైదరాబాద్ బహదూర్‌పురాలో సుధాకర్ యాదవ్ గారు వంకాయ, బర్గర్, క్రికెట్ బ్యాట్ ఆకారాల్లో నిజంగా నడిచే కార్లు కట్టారు. అవి ఉండేది సుధా కార్స్ మ్యూజియంలో.

అలాగని టెస్టులే వద్దంటానా? అనను. మా బగ్గీకి ఒకరోజు బ్రేక్ ఫ్లూయిడ్ కారిపోయింది. పెడల్ కింద దాకా పోయింది, బండి తిన్నగా వెళ్లి కొబ్బరి చెట్టుని గుద్దింది. తోట కాబట్టి బంపర్‌తో సరిపోయింది. అదే స్కూల్ వదిలే టైంకి కాలవ గట్టు రోడ్డు మీద, సైకిళ్ల మధ్య అయితే? రిజిస్ట్రేషన్ లేని బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ రాదు. ఎవరికైనా ఏదైనా అయితే పరిహారం కట్టాల్సింది మేమే. ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర పట్టలేదు.

అందుకే నేను అడిగేది మినహాయింపు కాదు, మాలాంటి ఒక్క బండికి సరిపోయే టెస్ట్. బ్రిటన్‌లో ఇది ఉంది. పేరు ఇండివిడ్యువల్ వెహికల్ అప్రూవల్. సొంతంగా కట్టిన కారుని తీసుకెళ్తే బ్రేకులు, లైట్లు, అద్దాలు, స్పీడోమీటర్, శబ్దం, పొగ, చివరికి బాడీ మీద పదునైన అంచులు కూడా చూస్తారు. కారుని గుద్దించరు. ఫెయిలైతే లిస్ట్ ఇస్తారు, సరిచేసుకుని మళ్లీ రావచ్చు. 1957లో వచ్చిన లోటస్ సెవెన్ కిట్‌గా దొరికేది, దాని వారసుడు కేటర్‌హామ్ ఇప్పటికీ కిట్‌గా దొరుకుతోంది.

మన ప్రభుత్వానికి సడలించడం తెలియక కాదు. విదేశీ ప్రమాణాలు పాసైన కార్లని ఏడాదికి 2,500 వరకు ఇక్కడ మళ్లీ టెస్ట్ చేయకుండానే దిగుమతి చేసుకోవడానికి 2018లో ఒప్పుకుంది. కోట్లు పెట్టి కారు తెప్పించుకునేవాడికి దారి దొరికింది, షెడ్డులో కట్టుకునేవాడికి ఇంకా లేదు.

మొదలుపెట్టడానికి మనుషులు కూడా రెడీగానే ఉన్నారు. బాహా ఎస్ఏఈ ఇండియా పోటీల కోసం 2007 నుంచి బీటెక్ పిల్లలు రోల్ కేజ్‌తో సహా బండ్లు కడుతున్నారు. రేసుకి ముందు వాటికి టెక్నికల్ ఇన్‌స్పెక్షన్ కూడా జరుగుతుంది. ఆ చెక్‌లిస్ట్‌తోనే మొదలుపెట్టండి. స్పీడ్ 40కి లాక్ చేయండి, హైవే ఎక్కొద్దనండి, నంబర్ ప్లేట్ వేరే రంగులో ఇవ్వండి, ప్రతి ఏడాదీ చెక్ చేయండి. ఫీజు కడతాం.

బగ్గీ ప్రస్తుతానికి తోటలోనే తిరుగుతోంది. ఈ నెల బ్రేకుల్ని డ్యూయల్ సర్క్యూట్‌కి మారుస్తున్నాం. బోడసకుర్రు వంతెన మీదుగా అమలాపురం వెళ్లి రావాలని మావాడి కోరిక. వాడిప్పుడు సెకండ్ హ్యాండ్ ఆల్టో చూస్తున్నాడు.