గోడమీది యంకెయే నేరమా?

అద్దె యింటి గోడను తడిపిన దూదిముక్కతో తుడిచి, దానిని రసాయనశాలకు పంపి, అచ్చటినుండి వచ్చిన యొక యంకెను చేతబట్టుకొని కాపురములను వీథిపాలు చేసిన యుదంతము న్యూజీలాండు దేశమున 2013 మొదలు 2018 వఱకు నడచినది. ఆ పని చేసినది యే వడ్డీవ్యాపారియో, పేరాశగల యే మేడల సొంతగాడో కాదు. బీదలకు నీడ కల్పించుటకై ప్రభుత్వము నెలకొల్పిన గృహసంస్థయే. హౌసింగ్ న్యూజీలాండ్ అని దానికప్పటి పేరు. దూరదేశపు వింతగా నెంచి మేము దీనిని ప్రస్తావించుటలేదు. యజమాని చేతికి శాస్త్రము పేరు చిక్కినపుడు అద్దెకున్నవాని నోటి మాట యెట్లు చెల్లకపోవునో చూపుటకు ఇంతకంటె తేటయైన నిదర్శనము మాకు కనబడలేదు.

ఆ దేశమును పట్టి పీడించుచున్న మత్తుమందు మెథాంఫెటమిన్. జనులు దానిని ‘పీ’ యని పిలుతురు. కొందఱు దీనిని అద్దె కొంపలలో దొంగచాటుగా వండుట కలదు. వండిన యింట ఆమ్లములు, ద్రావకములు, విషపుటావిరులు గోడలకును నేలకును తివాసీలకును పట్టుకొనును. నిప్పంటుకొను ప్రమాదమును గలదు. అట్టి యింట పిల్లలను కాపురముంచుట పాపము. ఇందు వివాదము లేదు. కావుననే 2010లో ఆ దేశపు ఆరోగ్యశాఖ, మందు వండిన యింటిని శుభ్రపఱచిన పిదప నూఱు చదరపు సెంటీమీటర్ల మేర 0.5 మైక్రోగ్రాములకు మించి ఆ మందు మిగిలియుండరాదని సూచించినది. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షలవ వంతు. నూఱు చదరపు సెంటీమీటర్లనగా ఇంచుమించు అరచేతి మేర. శుభ్రము సరిగా జరిగినదా లేదా యని చూచుకొనుటకు గీచిన గీత యిది. ఇంటనున్నవాని యారోగ్యము చెడినదనుటకు గాని, వాడు నేరస్థుడనుటకు గాని గీచినది కాదు.

ఆ గీత తన చోటు విడిచి నడచినది. మందు వండిన యింటికి చెందిన కొలతను, ఎవడో యొకప్పుడు పొగ పీల్చిన యింటికి వర్తింపజేసిరి. పొగ పీల్చిన గదిలో గోడకు కొంత యంటియుండుట సహజము. ఆ కొంతకే కాలుష్యమని పేరు పెట్టిరి. చూచుచుండగానే పరీక్షించు వ్యాపారులు లేచిరి, కడుగు వ్యాపారులు లేచిరి. కొన్ని యెడల రెండు పనులును ఒక్కరే చేసిరి. రోగమున్నదని చెప్పు వైద్యునికే మందుల దుకాణము కూడ నున్నచో ఊరిలో రోగములు తగ్గునా? పత్రికలును ఈ భయమునకు గాలి విసరినవి. మేమును పత్రికవారమే గనుక ఈ మాట వ్రాయుటకు మాకు సిగ్గుగానే యున్నది.

గృహసంస్థవారు ‘ఇసుమంతయు సహింపము’ అను విధానము నవలంబించిరి. ఫలితముగా ఆ యయిదేండ్లలో సుమారు 800 మంది అద్దెదారులు తమ యిండ్లను కోల్పోయిరి. పోగొట్టుకొన్నది యిల్లు మాత్రమే కాదు. సామానులు విషమంటినవని పాఱవేయవలసి వచ్చినవారు గలరు. కడుగుడు ఖర్చు మీదే యని బాకీ మోపబడినవారు గలరు. ఏడాది వఱకు ప్రభుత్వపు ఇంటికై దరఖాస్తు పెట్టరాదని వెలివేయబడినవారు గలరు. ఒకవంక ఇండ్లు చాలక జనులు మోటారుబండ్లలో నిద్రించుచుండగా, మఱియొకవంక వందలకొలది ప్రభుత్వగృహములు పరీక్షల పేర, కడుగుడు పేర తాళములు పడియుండెను. ఈ పనికై వెచ్చించిన ప్రజాధనము పది కోట్ల డాలర్లకు మించినది.

ఇంతకును ఆ యంకె యేమి చెప్పినది? గోడమీద మందు కలదని చెప్పినది. ఎవరు పీల్చిరో చెప్పలేదు. ఎప్పుడు పీల్చిరో చెప్పలేదు. నేడు కాపురమున్న తల్లి పీల్చినదో, రెండేండ్ల క్రింద ఖాళీచేసి పోయినవాడు పీల్చినాడో, చుట్టపుచూపుగా వచ్చినవాడు పీల్చినాడో గోడకు తెలియదు. కొత్త కాపురము చేరుటకు ముందు పరీక్షించి యుంచినచో పోల్చి చూచుటకు వీలుండెడిది. పెక్కు ఇండ్లకు అట్టి పరీక్షయే లేదు. అద్దెకు దిగునాటి స్థితి తెలియక, దిగిన తరువాతి స్థితికి కాపురమున్నవానిని బాధ్యుని చేయుట యే ధర్మశాస్త్రమునందు గలదు? పాత్రను పరీక్షింపక యెరువిచ్చి, తిరిగి యిచ్చునపుడు సొట్టకు వెల యడుగువానిని మన పల్లెలలో ఏమందురో చదువరులెఱుగుదురు.

2018 మే నెలలో ప్రధానమంత్రికి శాస్త్రవిషయముల సలహాదారుగా నుండిన సర్ పీటర్ గ్లక్మన్ తన నివేదికను వెలువరించెను. పొగ పీల్చినందున గోడలకంటిన మందు వలన పిదప ఆ యింట చేరినవారికి హాని కలిగినదనుటకు వైద్యగ్రంథములలో ఆధారము లేదని ఆయన తేల్చి చెప్పెను. 2017లో ఏర్పఱచిన 1.5 మైక్రోగ్రాముల ప్రమాణమునకు బదులు, వంటశాల యనుటకు కారణము లేనిచోట 15 వఱకు భయపడ పనిలేదనెను. పదిరెట్లు! మందు వండిరనియో మితిమీఱి వాడిరనియో బలమైన యనుమానమున్న చోటనే పరీక్షింపవలెననెను. ఆ సెప్టెంబరులో గృహసంస్థ క్షమాపణ చెప్పుకొని, నష్టపడిన కుటుంబములకు సగటున 2,500 నుండి 3,000 డాలర్ల వఱకు ఇచ్చుటకు ఒప్పుకొన్నది. తప్పు నొప్పుకొన్నందుకు మేము వారిని మెచ్చుకొందుము. పెక్కు ప్రభుత్వములు ఆ మాత్రమును చేయవు. కాని చెదరిన కాపురమునకు ఇది వెల యగునా? ఆ దేశపు ఇండ్లలో చెమ్మయు బూజును పట్టి పిల్లలు ఊపిరితిత్తుల జబ్బులపాలగుట చిరకాలముగా నందఱెఱిగినదే. బూజు కనబడిన యింటి యజమానిని రాత్రికి రాత్రి వెడలగొట్టినవారెవ్వరును లేరు.

యజమానుల పక్షమున వినిపించు మాట నొకటి మేము త్రోసివేయము. ఉన్న ఒక్క యింటిని అద్దెకిచ్చి వృద్ధాప్యమున దానిపై బ్రతుకు సామాన్యులు ఆ దేశమునను గలరు. వారును ఈ యంకెకు భయపడి గోడపలకలు పీకించి, తివాసీలు తగులబెట్టించి, అప్పులపాలయిరి. వారును మోసపోయినవారే. మఱి నిజమగు వంటశాల మాట? అది మనకును క్రొత్త కాదు. కల్తీకల్లులో కలుపు ఆల్ప్రజోలమును, పిల్లలు పాఠములు చదువుకొను ఒక ప్రైవేటు పాఠశాల కట్టడములోనే తయారుచేయుచుండగా 2025 సెప్టెంబరులో సికిందరాబాదు పాతబోయినపల్లిలో పట్టుకొనిరి. అచ్చట దూదితో గోడ తుడువ నక్కఱలేకపోయినది. యంత్రములును సరకును కంటికి కనబడినవి. అట్టివారిపై దయ చూపుమని మేమనము.

మన 1985 నాటి మాదకద్రవ్యముల చట్టములోని 25వ సెక్షను, తన కట్టడమును అట్టి నేరమునకు ‘తెలిసియుండి’ వాడుకొననిచ్చిన యజమానిని శిక్షించును. ‘తెలిసియుండి’ యను నొక్క మాట ఆ యజమానికి ఎంత రక్షణ! తెలియకున్న యజమాని నిర్దోషి యగుచుండగా, తెలియని యద్దెదారు దోషి యెట్లగును? ఆ మాట యిద్దఱికిని చెల్లవలెను.

మన నగరములలో ఇల్లు చూపుటకు ముందే కులమేమి, మాంసము తిందురా, పెండ్లియైనదా యని యడుగు యజమానులు తక్కువవారు కారు. అట్టివారి చేతికి దూదిముక్కయు, రసాయనశాల చీటియు నిచ్చి చూడుడు. గిట్టని కాపురమును సాగనంపుటకు అంతకంటె సులువైన సాధనము వారికింకేమి కావలెను? కావున ఆ వ్యాపారము మన యూళ్లకు రాకమునుపే కట్టుదిట్టములు జరుగవలెనని మా కోరిక. పరీక్షించువాడును కడుగువాడును ఒక్కడు కారాదు. అద్దెకు దిగునాడు పరీక్షింపని యింట తరువాతి పరీక్షకు విలువ యుండరాదు. న్యాయస్థానము విచారింపక మునుపు ఎవ్వరి సామానును వీథిలో పడరాదు. రసాయనశాల నుండి వచ్చిన చీటికి నకలొకటి, యజమానికి అందిన నాడే, అద్దెదారునికిని అందవలెను.