వెనక సీట్లో కూర్చుని చూశారా?

మా ఆఫీసు క్యాంటీన్లో ఈ మధ్య ఎవరు కారు కొన్నా ఒకటే డైలాగు. "ఫ్యామిలీ కోసం ఎస్‌యూవీ తీసుకున్నా గురూ!" ఆ 'ఫ్యామిలీ కోసం' అన్న ముక్క దగ్గరే నాకు ఒళ్ళు మండుతుంది. "నాకు ఎత్తున కూర్చుని నడపడం సరదా, అందుకని కొన్నా" అంటే నాకే పేచీ లేదు. ఎవడి జీతం వాడిది, ఎవడి ఈఎంఐ వాడిది. నేను మాత్రం అవసరానికి మించిన ఫోను కొనలేదా ఏంటి? కాకపోతే మన సరదాకి అమ్మా నాన్నా పిల్లల పేరు తగిలించడం ఎందుకన్నదే నా గొడవ.

ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. టెస్ట్ డ్రైవ్‌కి వెళ్ళినప్పుడు ఎవరెక్కడ కూర్చున్నారు? స్టీరింగ్ ముందు మీరు. పక్కన సేల్స్ కుర్రాడు. ఇంట్లోవాళ్ళు షోరూములో సోఫా మీద కాఫీ తాగుతున్నారు. లేదా పిల్లవాడు వెనక సీటెక్కి, బెల్టూ గిల్టూ లేకుండా సన్‌రూఫ్‌లోంచి తల బయటకి పెట్టడానికి గొడవ చేస్తున్నాడు. ఓ కిలోమీటరు తిరిగొచ్చి "రోడ్ వ్యూ అదిరింది" అన్నారు. ఎవరికి అదిరింది? ఆఫీసులో క్లయింటుని ఒక్క ముక్క అడక్కుండా రిక్వైర్‌మెంట్లు రాసేసిన ప్రాజెక్టు ఏ గతి పడుతుందో మనకంటే బాగా ఎవరికి తెలుసు? సొంత డబ్బు పదిహేను లక్షలు పోసి మనం చేసేదీ అదే.

ఇంతకీ ఎస్‌యూవీ అంటే ఏంటి? జీఎస్టీ వాళ్ళు సెస్సు వెయ్యడానికని ఒకప్పుడు ఓ నిర్వచనం పెట్టారు. పొడవు 4 మీటర్లు దాటాలి, ఇంజను 1500 సీసీ దాటాలి, గ్రౌండ్ క్లియరెన్స్ 170 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. ఆ క్లియరెన్స్ ఖాళీ బండికా, జనం ఎక్కిన బండికా అన్న గొడవ తేల్చడానికి 2023 జులైలో జీఎస్టీ కౌన్సిల్ కూర్చుని, ఖాళీ బండికే అని చెప్పాల్సి వచ్చింది. ఆ లెక్కన 1497 సీసీ ఇంజనుతో వచ్చే క్రెటా ఎస్‌యూవీ కిందకి రాదు. బ్రెజ్జా, నెక్సాన్ అసలు 4 మీటర్లే దాటవు. అంటే బ్రోచర్లో ఎస్‌యూవీ, పన్ను దగ్గరకొచ్చేసరికి మామూలు కారు. 2025 సెప్టెంబరు 22న సెస్సు ఎత్తేసి, చిన్న కార్లకి 18 శాతం, మిగతావాటికి 40 శాతం అని రెండు ముక్కల్లో తేల్చేశారు కాబట్టి ఆ ముచ్చటా తీరిపోయింది. లోపల చూస్తే లారీలకుండేలాంటి ఛాసిస్ లేదు, నాలుగు చక్రాలకీ పవర్ లేదు. హ్యాచ్‌బ్యాకుకి ఎత్తు చెప్పులు తొడిగి, పక్కన నల్ల ప్లాస్టిక్ అంచు కుట్టారు. అంతే.

నేను పని మీద ద్వేషంతో మాట్లాడుతున్నానని అనుకునేవాళ్ళకి పదహారణాల ఏ/బీ టెస్టు ఒకటి ఉంది. ఫోక్స్‌వాగన్ వాళ్ళు ఒకే ప్లాట్‌ఫారం మీద ఎస్‌యూవీ టైగూన్, సెడాన్ వర్టస్ రెండూ కడతారు. చక్రాల మధ్య దూరం రెండింటికీ 2651 మిల్లీమీటర్లే. ఇంజన్లు అవే. గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో దానికి 2022లో 5 స్టార్లు, దీనికి 2023లో 5 స్టార్లు. గ్రౌండ్ క్లియరెన్స్ దానికి 188, దీనికి 179. తేడా 9 మిల్లీమీటర్లు, నా చిటికెన వేలంత లావు లేదు. డిక్కీ దానికి 385 లీటర్లు, దీనికి 521. ఈ 9 మిల్లీమీటర్ల కోసం మన ఫ్యామిలీ 136 లీటర్ల డిక్కీ వదులుకుందన్నమాట. కాదంటే హ్యుందాయ్ వాళ్ళని చూడండి, వెర్నా డిక్కీ 528 లీటర్లు, క్రెటాది 433. బ్రెజ్జాకొస్తే 328.

డిక్కీ దగ్గర ఇంత పట్టుదల ఎందుకంటే, మూడేళ్ళ కిందటి సంక్రాంతి సంగతి చెప్పాలి.

మాది కోనసీమ. పండక్కి అందరం మా బావ కొత్తగా కొన్న చిన్న ఎస్‌యూవీలో వెళ్ళాం. వెళ్ళేటప్పుడు బాగానే ఉంది. తిరిగొచ్చేటప్పుడు కోనసీమ నుంచి ఎవరైనా ఖాళీ చేతుల్తో వస్తారా? బియ్యం మూట, అరిసెల డబ్బా, రెండు సూట్‌కేసులు, వాటి మీద వలిచిన కొబ్బరికాయల సంచి. వెనక ట్రే తీసి పక్కన పడేసి, సీటు వీపు దాటి పైకప్పు దాకా సర్దాం. "చూశావా, ఎంత పట్టిందో!" అని బావ మురిసిపోయాడు. వెనక మా అక్క, మేనకోడలు, మధ్యలో మా అమ్మ. మధ్య సీటు బెల్టు బకిల్ ఎక్కడుందో ఎవరికీ తెలీదు, కొత్త సీటు కవర్ల కింద సమాధి అయిపోయింది. ముందు సీట్లో నేను, శుభ్రంగా బెల్టు పెట్టుకుని.

సూర్యాపేట దాటాక ఓ బైకువాడు డివైడర్ సందులోంచి అడ్డంగా వచ్చాడు. బావ మంచి డ్రైవరే, బ్రేకు గట్టిగా తొక్కాడు, బైకువాడికి ఏమీ కాలేదు. బండికి గీత కూడా పడలేదు. కానీ పైనున్న కొబ్బరికాయల సంచి బ్రేకు తొక్కలేదు కదా! అది అదే వేగంతో ముందుకొచ్చింది. ఒక కాయ మా అమ్మ భుజానికి తగిలింది. అప్పటికే ఆవిడ రెండు సీట్ల సందులోకి జారిపోయి, చెయ్యి అడ్డం పెట్టుకుంది. మణికట్టు దగ్గర ఎముక విరిగింది. ఆరు వారాలు కట్టు. జడ వేసుకోవడానికి కూడా ఇంకొకరి సాయం కావాల్సి వచ్చింది. ఇంకో జానెడు పైకి తగిలి ఉంటే అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఆస్పత్రి వరండాలో బావ అన్న మాట మాత్రం చచ్చినా మర్చిపోను. "పెద్ద బండి కాబట్టి సరిపోయింది బావా, చిన్న కారైతే ఏమయ్యుండేదో!"

నేను పోట్లాడుతున్నది సరిగ్గా ఈ మాటతోనే. ఎత్తున కూర్చుంటే భద్రంగా ఉన్నట్టు అనిపిస్తుంది. అనిపించడం వేరు, ఉండడం వేరు. సెడాన్లో అయితే ఆ సంచి సీటు వెనక, మూత కింద, తలలకి అందని చోట ఉండేది. "ఎస్‌యూవీలో కూడా సామాను సీటు ఎత్తు దాటకుండా సర్దుకోవచ్చు, వల కట్టుకోవచ్చు" అంటారు. కట్టుకోవచ్చు. పండక్కి ఊరినుంచి వస్తూ వల కట్టినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి.

సరే, మా బావది చిన్న బండి అనుకుందాం. 2022 సెప్టెంబరు 4న ముంబై-అహ్మదాబాద్ హైవే మీద, పాల్ఘర్ దగ్గర వంతెన మీద టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ చనిపోయారు. ఆయన ఉన్నది మెర్సిడెస్ ఎస్‌యూవీలో. మన క్యాంటీన్లో ఎవరూ కొనగలిగిన బండి కాదు. ముందు సీట్లలో ఉన్న ఇద్దరూ గాయాలతో బయటపడ్డారు. వెనక ఉన్న ఇద్దరూ పోయారు. వాళ్ళు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. ఆ తర్వాత ఓ నెల్లాళ్ళు అందరం వెనక సీటు బెల్టుల గురించి తెగ మాట్లాడుకున్నాం. తర్వాత మళ్ళీ సన్‌రూఫ్ సైజు గురించి మాట్లాడుకోవడం మొదలెట్టాం. వెనక మధ్య సీటుకి భుజం మీదుగా వచ్చే బెల్టు ఉందా, తలకి ఆనుడు ఉందా అని అడిగిన స్నేహితుణ్ణి నేనింతవరకూ చూడలేదు. మ్యూజిక్ సిస్టమ్‌లో స్పీకర్లెన్నో మాత్రం అందరికీ కంఠతా వచ్చు.

బండి లోపలి వాళ్ళ సంగతి అలా ఉంచి, బయటివాళ్ళ సంగతి చూద్దాం. అమెరికాలో రోడ్డు భద్రత మీద పనిచేసే ఐఐహెచ్ఎస్ అనే సంస్థ 2023లో ఓ అధ్యయనం బయటపెట్టింది. బానెట్ ఎత్తు 40 అంగుళాలు దాటిన బండి గుద్దితే, 30 అంగుళాలో అంతకన్నా తక్కువో ఉండి ముందుకి వాలుగా ఉన్న కారుతో పోలిస్తే, నడిచేవాళ్ళు చనిపోయే అవకాశం 45 శాతం దాకా ఎక్కువ. అక్కడి పికప్పులంత ఎత్తువి ఇక్కడ తక్కువే, ఒప్పుకుంటాను. కానీ మన అపార్ట్‌మెంటు సెల్లారు చూడండి. సాయంత్రం ఆరింటికి పిల్లలు సైకిళ్ళు తొక్కేది అక్కడే, మనం ఆఫీసునుంచొచ్చి బండి తిప్పేదీ అక్కడే. మూడేళ్ళ పిల్ల నిలబడితే ఆ బానెట్ మీదకి తల వస్తుందో రాదో, మీ బండి ముందు మీ పిల్లనే నిలబెట్టి డ్రైవర్ సీట్లోంచి చూసుకోండి (బండి ఆపేసి, మహానుభావా!). డాలస్‌లో ఉన్న మా పిన్ని కొడుకుని ఇదే అడిగితే, "రోడ్డు మీద అన్నీ అవే ఉన్నప్పుడు నేనొక్కణ్ణే కింద కూర్చుంటే ఎలా అన్నయ్యా" అన్నాడు. పక్కవాడు నించున్నాడని సినిమా హాల్లో ముందువరస మొత్తం నించున్నట్టు!

మళ్ళీ వెనక సీటుకొద్దాం. బండి ఎత్తు పెరిగేకొద్దీ బరువు కేంద్రమూ పైకి పోతుంది, మలుపులో పక్కకి ఊగడం ఎక్కువవుతుంది. స్టీరింగ్ పట్టుకున్నవాడికి మలుపు ముందే తెలుసు కాబట్టి వాడికేమీ అనిపించదు. మారేడుమిల్లి ఘాట్లో కవర్లు పట్టుకుని కూర్చునేది వెనకున్న పిల్లలు.

ఇహ అవతలి పక్షం వాదనలు. "మన రోడ్లకి సెడాన్ అడుగు తగులుతుంది" అన్నది మొదటిది. ఇందులో నిజం ఉంది. అయిదుగురు ఎక్కాక పొడుగు కారు కొన్ని స్పీడ్ బ్రేకర్ల మీద గీసుకుంటుంది, నాది కూడా గీసుకుంది. కానీ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. దాని మీద ఏ కారూ గీసుకోదు. గీసుకునేది మన కాలనీవాళ్ళు రాత్రికి రాత్రి కాంక్రీటు పోసి కట్టిన గోడల మీద. ఆ గోడ తీయించమని కాలనీ సంఘానికి ఒక్క కాగితం రాయం. నాలుగు లక్షలు ఎక్కువ పెట్టి గోడెక్కే బండి కొనుక్కుంటాం! వానల్లో నీళ్ళ సంగతీ అంతే. రెండడుగుల వరద పారుతుంటే ఎస్‌యూవీలు కూడా కొట్టుకుపోతాయి. ఎత్తు బండి ఉందన్న ధైర్యంతో దిగడమే అసలు ప్రమాదం.

రెండోది, "ఊరెళ్ళేటప్పుడు ఏడుగురం వెళ్ళాలి." ఏడాదికెన్నిసార్లు? రెండుసార్లు. మిగతా మూడొందల అరవై రోజులూ మియాపూర్ నుంచి గచ్చిబౌలికి ఒక్కడివే. పీక్ లోడ్ కోసం ఏడాదంతా పెద్ద సర్వర్ నడిపితే మేనేజర్ ఊరుకుంటాడా? పండక్కి ఇన్నోవా ఒకటి డ్రైవరుతో సహా అద్దెకి తీసుకోండి. పైగా చిన్న ఏడు సీట్ల బండ్లలో మూడో వరస వేస్తే డిక్కీ దాదాపు ఉండదు. ఏడుగురు మనుషుల సామాను మళ్ళీ వాళ్ళ ఒళ్ళోనే.

మూడోది పెద్దవాళ్ళ మోకాళ్ళు. ఇక్కడ మాత్రం నా నోరు కొంచెం తగ్గుతుంది. సీటు నడుం ఎత్తున ఉంటే ఎక్కడం దిగడం నిజంగానే సులువు. సెడాన్లో కిందకి దిగబడి కూర్చోవాలి, లేచేటప్పుడు ఎవరో ఒకరు చెయ్యివ్వాలి. మోకాళ్ళ ఆపరేషన్ అయినవాళ్ళో, లేవలేని స్థితిలో ఉన్నవాళ్ళో ఇంట్లో రోజూ కారెక్కేవాళ్ళయితే, వాళ్ళని తీసుకెళ్ళి కూర్చోబెట్టి, వాళ్ళకి నచ్చిన ఎత్తు బండే కొనండి. నేను మారు మాట్లాడను. కాకపోతే థార్, స్కార్పియోలాంటి అసలు సిసలు ఎత్తు బండ్లు వాళ్ళకి ఇంకా కష్టం, మెట్టెక్కినట్టు ఎక్కాలి. మోకాళ్ళ పేరు చెప్పి అవి కొన్నవాళ్ళు నాకు ఇద్దరు తెలుసు.

మా అమ్మ చెయ్యి బాగయ్యాక నేనో సెకండ్ హ్యాండ్ సెడాన్ కొన్నాను. అందరూ ఎస్‌యూవీల వెంట పడటం వల్ల మంచి సెడాన్లు పాతవి చవగ్గా దొరుకుతున్నాయి, ఆ రకంగా మీ అందరికీ రుణపడి ఉన్నాను. కొనేముందు అమ్మని తీసుకెళ్ళి వెనక సీట్లో అరగంట కూర్చోబెట్టాను. అమ్మే ఆయన నన్ను వింతగా చూశాడు. సీటు కవర్లు వేయించలేదు, బకిళ్ళు మూడూ పైకి కనపడుతూ ఉంటాయి.

దిగేటప్పుడు ప్రతిసారీ నా చెయ్యి పట్టుకుని "మీ బావ బండయితే చక్కగా దిగేదాన్నిరా" అంటుంది. నిజమే, అక్కడ దిగడం సులువే. పోయిన సంక్రాంతికి కొబ్బరికాయలు డిక్కీలో వేసి మూత వేశాను. చీర నలుగుతోందని బెల్టు గురించి విజయవాడ దాకా సణుగుతూనే ఉంది. తియ్యలేదు మాత్రం.