మత్తు మెట్లు

భద్రాచలం పుణ్యక్షేత్రంగా ప్రసిద్ధికెక్కింది. ఇటీవలి సంవత్సరాలలో ఆ పేరు గంజాయి రవాణా వార్తలలోనూ తరచుగా వినవస్తున్నది. ఆంధ్ర-ఒడిశా సరిహద్దు కొండలలో పండిన గంజాయి చింతూరు అడవి దారిన భద్రాచలం చేరి, కొత్తగూడెం, ఖమ్మం మీదుగా హైదరాబాదుకూ ఇతర రాష్ట్రాలకూ తరలిపోతున్నది. తనిఖీలలో పట్టుబడుతున్నవారిలో యువకులూ ఉండడం శోచనీయం.

మత్తుకు అలవాటుపడినవారందరూ నేరస్థులు కారు. అయితే వ్యసనం ముదిరినకొద్దీ చేతిలోని డబ్బు చాలదు. అప్పుడు దృష్టి మొదట ఇంటి సొమ్ముమీద పడుతుంది. తెనాలి రామకృష్ణకవి ‘పాండురంగ మాహాత్మ్యము’లోని నిగమశర్మ కథే ఇందుకు తార్కాణం. సద్వంశంలో పుట్టినా వ్యసనాలకు లోబడిన అతడు, తనకు బుద్ధిచెప్ప వచ్చిన అక్క ముక్కరను సైతం అపహరించి పారిపోయాడు. ఆనాటి వ్యసనం వేరైనా, పతనమయ్యే తీరు మారలేదు.

ఇంటి సొమ్ము అడుగంటినవానికి గంజాయి వ్యాపారి ఎదురవుతాడు. ‘ఈ మూట ఊరు దాటిస్తే చాలు’నంటూ కొద్దిపాటి డబ్బు ఆశచూపుతాడు. 1985 నాటి మాదకద్రవ్యాల నిరోధక చట్టం ప్రకారం 20 కిలోలకు మించిన గంజాయి రవాణాకు కనీసం 10 సంవత్సరాల కఠిన కారాగారశిక్ష, లక్ష రూపాయల జరిమానా తప్పవు. మూట మోసినవాడు యౌవనమంతా చెరసాలలో గడుపుతాడు. మోయించినవాడు మరొక యువకుణ్ణి వెదుక్కుంటాడు.

శిక్షాభయంతోనే ఈ సమస్య తీరదు. వినియోగానికో, స్వల్ప పరిమాణానికో సంబంధించిన కేసులో చిక్కిన వ్యసనపరుడు స్వచ్ఛందంగా ప్రభుత్వ గుర్తింపుగల వైద్యశాలలో చికిత్స పొందితే, అతనికి విచారణనుండి మినహాయింపు ఇవ్వడానికి అదే చట్టంలోని 64-ఎ సెక్షన్ అవకాశం కల్పిస్తున్నది. చట్టమే అతనిలో రోగిని గుర్తించినప్పుడు, కుటుంబమూ కళాశాలా అతణ్ణి వెలివేయడం న్యాయం కాదు. అందరూ తలుపులు మూసిననాడు అతనికి తెరిచి ఉండేది వ్యాపారి తలుపొక్కటే.

మిత్రుని గుట్టు కాపాడటం స్నేహధర్మమని విద్యార్థులు భావిస్తారు. కాని రోగాన్ని దాచిపెట్టడం రోగికి మేలు చేయదు. తోటివాడు తొలిమెట్టుమీద ఉండగానే తల్లిదండ్రులకో, అధ్యాపకులకో తెలియజేయాలి. ఆ సంకోచం ఉంటే, ఉచిత జాతీయ సహాయవాణి 14446కు ఫోన్ చేసి సలహా పొందవచ్చు. సకాలంలో చెప్పిన ఒక్క మాట ఒక యువకుణ్ణి చెరసాలకు దూరం చేయగలదు. నిజమైన స్నేహధర్మం అదే.