ఈ కథ చదివారా? – ఒక పాఠక బృందం ప్రణాళిక

వ్యాసభారతంలో శశిరేఖ లేదు. అక్కడ అభిమన్యుడు పెళ్ళాడింది ఉత్తరను. అయినా బలరాముడి కూతురినీ, ఆమె పెళ్ళి కోసం మాయలు పన్నిన ఘటోత్కచుణ్ణీ ఎరగని తెలుగువాళ్ళు అరుదు. భారతాన్ని అమితంగా ప్రేమించినవాళ్ళెవరో అందులో లేని పెళ్ళిని ఊహించారు. ఆ ఊహ నోటి కథగా, నాటకంగా సాగి, 1957లో కె.వి.రెడ్డి చేతిలో ‘మాయాబజార్’ అయింది. ఫ్యాన్ ఫిక్షన్ రాసేవాళ్ళు ఇవాళ చేస్తున్నదీ ఇదే. తమకు నచ్చిన కథలో ఎవరూ చెప్పకుండా వదిలేసిన చోటు వెతికి, అక్కడ కొత్త కథ అల్లుతారు.

అలాంటి కథల్నీ, గ్రంథాలయాల్లో చదివేవాళ్ళు లేక మిగిలిపోయిన పాత కథల్నీ తోటి పాఠకులకు చేర్చాలని ఈ బృందం పూనుకుంది. అందుకు సభ్యులు ఒప్పుకున్న నియమాలివి.

ఒకటి: ఆనందం కోసమే సిఫార్సు. ‘చదివి తీరాలి’ అని ఎవరినీ ఒత్తిడి చేయరు. గొప్పదని పేరున్నా, తాము ఆనందించని కథను సభ్యులు చెప్పరు.

రెండు: కారణం చెప్పాలి. ‘బాగుంది’ అంటే సరిపోదు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ‘గులాబీ అత్తరు’ను సూచించే సభ్యుడు, తన జీవితంలోకెల్లా మేలైన అత్తరు పట్టుకుని పెద్దాపురం కోట వాకిట్లో నిలబడ్డ ముసలి సాయిబు గురించి చెప్పాలి. లోపలికి వెళ్ళనివ్వని ఆ వాకిట్లో సంభాషణలు ఎంత సహజంగా నడుస్తాయో చెప్పాలి. ముగింపు మాత్రం చెప్పకూడదు.

మూడు: మూలం పేరు దాచకూడదు. అది చదవకపోయినా కథ అర్థమవుతుందో లేదో కూడా చెప్పాలి. ఓల్గా ‘విముక్త’ కథల్లో సీత శూర్పణఖనూ అహల్యనూ రేణుకనూ ఊర్మిళనూ కలుస్తుంది. రామాయణం తెలిసినవాళ్ళకు ఈ కలయికలు ఎక్కువ కదిలిస్తాయి. పెద్దగా తెలియనివాళ్ళు కూడా ఆ స్త్రీల మాటల్ని హాయిగా అనుసరించగలరు. ఆ పుస్తకానికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

నాలుగు: ఒకరి పాత్రల్ని మరొకరు రాశారని చిన్నచూపు చూడరాదు. ‘జేన్ ఐర్’లో మేడమీది గదిలో బందీగా ఉన్న కథానాయకుడి మొదటి భార్యకు జీన్ రీస్ 1966లో ‘వైడ్ సర్గాసో సీ’ నవలలో సొంత జీవితమిచ్చింది. ‘కన్యాశుల్కం’ నాటకం ముగిసినా మధురవాణి కథ ముగియలేదు. పెన్నేపల్లి గోపాలకృష్ణ ఆమెకు ఊహాత్మక ఆత్మకథ రాశారు. అభిమానులు రాసిన కథలకు నెలవైన ‘ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్’కు 2019లో హ్యూగో పురస్కారం దక్కింది. కథ ఎంత బాగా నడిచిందన్నదే సభ్యులకు కొలమానం.

ఐదు: పాత కథకు ఆచూకీ ఇవ్వాలి. ఏ సంపుటిలో ఉంది, ఏ గ్రంథాలయంలో దొరుకుతుంది, భాష ఎంత గ్రాంథికం అన్నవి ముందే తెలిస్తే పాఠకుడు సగంలో వదిలేయడు. భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ 1902 నాటిది. అందులోని కుటుంబ పద్ధతులు నేటివాళ్ళకు కొత్తగా తోచవచ్చు. ఆ మాట ముందుగా చెప్పడం మర్యాద.

ఆరు: హక్కుల్ని గౌరవించాలి. మన దేశంలో రచయిత కన్నుమూశాక 60 ఏళ్ళ దాకా కాపీరైటు ఉంటుంది. శ్రీపాద 1961లో పోయారు కాబట్టి, ఆయన బతికుండగా అచ్చయిన కథల్ని 2022 నుంచి ఎవరైనా స్వేచ్ఛగా పంచుకోవచ్చు. ‘విముక్త’ను మాత్రం కొనుక్కోవాలి, లేదా గ్రంథాలయంలో తీసుకోవాలి. అభిమానులు రాసిన కథల్నైనా అనుమతి లేకుండా మరోచోట పెట్టకూడదు. రాసినందుకు వాళ్ళలో చాలామందికి పైసా రాదు. చదివినవాళ్ళు రాసే నాలుగు మాటలే వాళ్ళకు అందే ప్రతిఫలం. నచ్చిన కథ గురించి ముందు రచయితకే రాయాలి.

మొదటి విడతలో ప్రతి సభ్యుడూ రెండు కథల జత సూచిస్తాడు: ఒక పాత కథ, దానినుంచి పుట్టిన మరో కథ. జతకు ఒక పేజీ మించని పరిచయం ఉంటుంది. ‘కన్యాశుల్కం’, మధురవాణి ఆత్మకథ మొదటి జతగా ఇప్పటికే ఖరారయ్యాయి. గురజాడ 1897లో అచ్చువేసి 1909లో పెంచి తిరగరాసిన నాటకం కాబట్టి, ఏ ప్రతి చదవాలో కూడా ఆ పరిచయంలోనే ఉంటుంది.