పాత సర్వర్ చవగ్గా వస్తోందా? కొనకండి, ముందు వాట్లు అడగండి

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు అర్హత లేని కంప్యూటర్లను ఆఫీసులు వదిలించుకుంటుంటే, కాలం చెల్లిన ర్యాక్ సర్వర్లు కూడా వాటితోపాటే సెకండ్ హ్యాండ్ షాపుల్లో కనిపిస్తున్నాయి. సినిమాలు, పెళ్లి వీడియోలు, పిల్లల ఫొటోలు ఒకచోట పెట్టుకుని ఇంటిల్లిపాదీ టీవీలో చూసుకోవాలనుకునేవారికి ఇది మంచి అదను అనిపిస్తుంది. ‘రెండు జియాన్లు సార్, 64 జీబీ ర్యామ్, ఈ రేటుకు ఎక్కడా రాదు’ అంటాడు షాపతను. నిజమే, రాదు. మిగతా ధర మాత్రం నెలనెలా కరెంటు బిల్లులో కట్టాల్సి వస్తుంది.

లెక్క చూడండి. 2012 నాటి జియాన్ ప్రాసెసర్లు రెండున్న సర్వర్ ఏ పనీ లేకుండా ఆన్‌లో ఉన్నా సుమారు 150 వాట్లు లాగుతుంది. మీడియా సర్వర్‌ను ఎవరూ ఆపరు కాబట్టి రోజుకు 3.6 యూనిట్లు, నెలకు 108. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వచ్చిన శ్లాబుల ప్రకారం 225 దాటాక యూనిట్ 8 రూపాయల 75 పైసలు. ఏసీ, ఫ్రిజ్ కలిసి ఇంటిని ఇప్పటికే అక్కడికి చేర్చి ఉంటే సర్వర్ ఒక్కటే నెలకు 945 రూపాయలు తింటుంది. సర్దుబాటు చార్జీలు అదనం. ఒక హార్డ్ డిస్కుతో మినీ పీసీ అదే పనిని 20 వాట్లకు అటూఇటుగా చేస్తుంది. దాని ఖర్చు నెలకు 126 రూపాయలు. రెండేళ్లలో తేడా 19 వేలు దాటుతుంది.

తెలంగాణలో నెలకు 200 యూనిట్ల వరకు ఉచితమిచ్చే గృహజ్యోతి కింద జీరో బిల్లు అందుకునే ఇళ్లకు దెబ్బ ఇంకా గట్టిది. నెలకు 140 యూనిట్లు వాడే ఇంట్లో 100 వాట్ల డబ్బా పెడితే మరో 72 చేరి 212 అవుతుంది. 200 దాటితే పైనున్న పన్నెండుకే కాదు, మొత్తానికీ కట్టాలి. బిల్లు సున్నా నుంచి ఒక్కసారిగా వెయ్యి దాటుతుంది.

ప్రాసెసర్ మీద చెప్పే టీడీపీ అంకెను నమ్ముకోవద్దు. అది బరువైన పని మీద ఉన్నప్పుడు చల్లబరచాల్సిన వేడికి సంబంధించిన అంకె. ఇంటి సర్వర్ రోజులో ఎక్కువ భాగం ఖాళీగానే ఉంటుంది. ఆ సమయంలో గోడ ప్లగ్గు దగ్గర ఎన్ని వాట్లు లాగుతోందో ప్లగ్ మీటరు పెట్టి చూపించమనండి. చూపించనంటే మరో షాపుకు వెళ్లండి. 750 వాట్ల పవర్ సప్లై మీద ‘80 ప్లస్ గోల్డ్’ స్టిక్కర్ ఉందని మురిసిపోనక్కర్లేదు. ఆ స్టిక్కర్ కోసం చేసే సామర్థ్య పరీక్ష మొదలయ్యేదే 20 శాతం లోడు, అంటే 150 వాట్ల దగ్గర. మీ డబ్బా పాతిక వాట్లు లాగుతున్నప్పుడు ఆ స్టిక్కర్ ఏ హామీ ఇవ్వదు.

ఇక ఐ7 మోజు. 4కే హెచ్‌డీఆర్ సినిమాలు సాధారణంగా పది బిట్ల హెచ్‌ఈవీసీ ఫార్మాట్‌లో ఉంటాయి. ఇంటెల్ ఆరో తరం ఐ7లోని గ్రాఫిక్స్‌కు దాన్ని పూర్తిగా విప్పే సత్తా లేదు, ఏడో తరం ఐ3కి ఉంది. విండోస్ 11 వద్దన్న ఏడో తరం మినీ పీసీ లైనక్స్ మీద ఈ పనికి చక్కగా సరిపోతుందన్నమాట. కొత్తదే కావాలంటే 2023లో వచ్చిన ఎన్100 చాలు, అది ఏవీ1 వీడియోలనూ విప్పుతుంది. పేరు చివర ‘ఎఫ్’ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ ఉండదు. పాత జియాన్ ఈ5లలోనూ లేదు. వాటికి విడిగా కార్డు కొనాలి, దానికీ కరెంటు పోయాలి. మీ టీవీయే ఆ ఫైలును నేరుగా ఆడిస్తుంటే ఈ గొడవేమీ అక్కర్లేదు, ముందు అది చూసుకోండి. సర్వర్ సాఫ్ట్‌వేర్‌గా ప్లెక్స్ పెడితే, వీడియోను గ్రాఫిక్స్ చిప్‌తో టీవీకి సరిపడేలా మార్చే హార్డ్‌వేర్ ట్రాన్స్‌కోడింగ్‌కు ప్లెక్స్ పాస్ కొనాలి, జెల్లీఫిన్‌లో అది ఉచితం.

డిస్కుల దగ్గరా జాగ్రత్త. తిరుగుతున్న మూడున్నర అంగుళాల డిస్కు ఒక్కోటి అయిదు నుంచి ఎనిమిది వాట్లు తింటుంది. రెండు టీబీలవి నాలుగు తగిలించే బదులు ఎనిమిది టీబీలది ఒకటి పెట్టండి. ఫొటోలకు మరో కాపీ తీసి, ఆ డిస్కును ప్లగ్గు పీకి బీరువాలో దాచండి.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది నిప్పు. డిస్కుకు కరెంటు ఇవ్వడానికి చవగ్గా దొరికే మోలెక్స్-సాటా తీగల్లో పోతపోసిన ప్లాస్టిక్ కనెక్టర్ ఉన్నవి లోపల షార్ట్ అయి కాలిపోయిన ఉదంతాలున్నాయి. మీ డబ్బాలో అలాంటిది ఉంటే ఇవాళే తీసేయండి. పాత ల్యాప్‌టాప్‌ను సర్వర్‌గా వాడుతూ బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే వెంటనే ఆపి, మెకానిక్ చేత తీయించండి. అందరూ నిద్రపోయాక నడిచే యంత్రమిది.

మీ ఇంట్లో ఇప్పటికే సర్వర్ ఉంటే, ఈ వారమే దానికి ప్లగ్ మీటరు తగిలించి ఒక పూర్తి రోజు చూడండి. ఒక యూనిట్ దాటితే మార్చండి. దాటకపోతే దాన్నే నడపండి, కొత్తది కొనొద్దు.